మోకాలి కింద ఆ దిండు తీసేయండి

పోయిన వారం ఫిజియోథెరపీ చేయించడానికి ఒక ఇంటికి వెళ్లాను. అమ్మగారికి మోకాలి కీలు మార్చే ఆపరేషన్ అయి 24 రోజులు. మోకాలి కింద బూరుగు దూది దిండు, దానిమీద మడతపెట్టిన దుప్పటి. "కదపనివ్వలేదు మేడమ్, పచ్చి పుండు కదా" అన్నాడు కొడుకు. కొలిచి చూస్తే 55 డిగ్రీలకు మించి వంగడం లేదు. చాపమంటే ఇంకో 20 డిగ్రీలు మిగిలిపోతోంది. తల్లిని కంటికి రెప్పలా చూసుకుంటున్న ఇంట్లోనే ఇలా జరిగింది.

అపోహ: నొప్పి తగ్గాక ఎక్సర్‌సైజులు మొదలుపెట్టాలి.

వాస్తవం: నొప్పి తగ్గేదాకా ఆగితే మోకాలు బిగుసుకుపోతుంది. కోసిన చోట లోపల మచ్చ కణజాలం పెరుగుతూనే ఉంటుంది. కాలిని ఎలా ఉంచితే అలాగే గట్టిపడుతుంది. వాచిన మోకాలికి కాస్త వంచి ఉంచితేనే హాయి, అందుకే దిండు సుఖంగా అనిపిస్తుంది. కానీ అలా వంగి బిగుసుకున్న కాలు కుంటుతుంది, తొడ ఊరికే అలసిపోతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి. మోకాలు గాల్లో ఉండాలి, వేళ్లు పైకప్పును చూడాలి. తొడ బిగించి మోకాలిని కిందికి నొక్కి 5 అంకెలు లెక్కపెట్టండి, అలా 10 సార్లు.

వంచడం కూడా అంతే ముఖ్యం. నేలమీద నడవడానికి 65 డిగ్రీలు సరిపోవచ్చు గానీ, కుర్చీలోంచి లేవాలన్నా మెట్లు దిగాలన్నా 90 దాటాలి. 6 వారాలైనా రాకపోతే మళ్లీ మత్తిచ్చి డాక్టరే వంచాల్సి రావచ్చు. 3 నెలలు దాటితే అదీ అంతగా ఫలించదు.

కుట్లు ఊడిపోతాయని భయమా? ఆపరేషన్ టేబుల్ మీదే డాక్టరు ఆ మోకాలిని వంచి చూసి ఉంటారు. చాలామందిని అదే రోజో మర్నాడో వాకర్‌తో నడిపిస్తారు కూడా. మీ డాక్టరు ప్రత్యేకంగా ఏదైనా వద్దన్నారా, అది మాత్రం మానండి. పక్కింటివాళ్లు వద్దన్నారని మానకండి.

మా అమ్మకు ఇదే ఆపరేషన్ అయ్యాక ఎక్సర్‌సైజులు చేయిస్తుంటే పైపెదవి మీద చెమట పట్టేది, మంచం పట్టెను గట్టిగా పట్టుకునేది. "దాన్నెందుకే అలా ఏడిపిస్తావ్" అని పెద్దమ్మ నామీద కేకలేసింది. నాలుగో రోజు నేనూ చూడలేక ఆపేశాను. మర్నాడు పొద్దున మోకాలు వంగడం 10 డిగ్రీలు తగ్గింది. ఆ తర్వాత డాక్టరు రాసిన నొప్పి మాత్ర అరగంట ముందే వేసి, అయ్యాక పావుగంట ఐస్ పెట్టి, రోజుకు మూడుసార్లు చేయించాను. చేసేటప్పుడు లాగినట్టు నొప్పి రావడం సహజం. రాత్రికి కూడా సర్దుకోకపోతే మర్నాడు కాస్త తగ్గించి చేయండి, ఆపేయకండి.

మోకాలికి మెషిన్‌తో కరెంటు పెట్టిస్తే చాలంటారు కొందరు. నొప్పికి సాయం కావచ్చు, వంచాల్సింది మాత్రం మీరే. పప్పు తింటే చీము పడుతుందన్నది ఉత్త మాట. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పూ గుడ్డూ మాన్పించకండి.

పిక్కలో నొప్పి, ఒక్క కాలికే పెరుగుతున్న వాపు, జ్వరం, కుట్ల దగ్గర రసి వస్తే ఆ పూటే డాక్టరుకు చూపించండి. ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పెడుతున్న ఆ పిక్కకు నూనె రాసి మర్దన చేయొద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.