కాన్పు గది గ్యాస్ ఎక్కడికి పోతోంది?

పురిటి నొప్పులు ఓర్చుకోవడానికి చాలా దేశాల్లో తల్లులు నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాస్ పీలుస్తారు. అది ఒంట్లో మిగలదు. పీల్చినదంతా దాదాపు అలాగే ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. గాల్లో కలిశాక వందేళ్లకు పైగా ఉంటుంది. వందేళ్ల లెక్కలో చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఓజోన్ పొరకూ చేటే. అందుకే కాన్పుల్లో దీన్ని ఆపేయాలన్న మాట వినిపిస్తోంది.

1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్యుడు స్టానిస్లావ్ క్లికోవిచ్ దీన్ని ఆక్సిజన్‌తో కలిపి కాన్పుల్లో వాడాడు. అయినా సామాన్యులకు అందడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1930లలో లివర్‌పూల్ డాక్టర్ రాబర్ట్ మిన్నిట్, తల్లి తనంతట తానే పీల్చుకునే యంత్రం తయారుచేశాడు. డాక్టర్ పక్కన లేకపోయినా మిడ్‌వైఫ్‌లు దాన్ని వాడొచ్చని బ్రిటన్ 1936లో అనుమతించింది. ఇంట్లో కాన్పయ్యే పేద తల్లికి అది చిన్న విషయం కాదు. ఈ చరిత్ర తెలియకుండా గ్యాస్ ఆపేయమనడం తొందరపాటే. మిన్నిట్ యంత్రం గ్యాస్‌ను మామూలు గాలితో కలిపేది కాబట్టి తల్లికి ఆక్సిజన్ తగ్గేది. 1961లో మత్తు డాక్టర్ మైకేల్ టన్‌స్టాల్ గ్యాస్‌నూ ఆక్సిజన్‌నూ సగం సగం ఒకే సిలిండర్‌లో నింపి ఆ లోపం తీర్చాడు. తర్వాత్తర్వాత ఆస్పత్రి గోడల్లోకి పైపులు వచ్చాయి.

మొదట భయం పుట్టింది ఆకాశం గురించి కాదు, సిబ్బంది గురించి. ఆపరేషన్ థియేటర్లలో పనిచేసే ఆడవాళ్లకు గర్భస్రావాలు ఎక్కువవుతున్నాయన్న అనుమానం 1960ల చివర్లో మొదలైంది. 1977లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్, గది గాలిలో ఈ గ్యాస్ 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25 భాగాలు) దాటకూడదని సిఫార్సు చేసింది. దాంతో గ్యాస్‌ను లాగి బయటికి తోసే ఏర్పాట్లు పెరిగాయి. గది బాగుపడింది, గ్యాస్ మాత్రం ఆకాశంలోకి పోయింది. 1997 క్యోటో ఒప్పందం దీన్ని ఆరు గ్రీన్‌హౌస్ వాయువుల్లో చేర్చినా, అందరి చూపూ పొలాల్లో వేసే ఎరువుల మీదే పడింది. నిజానికి పెద్ద వాటా అక్కడిదే.

ఆస్పత్రుల్లో దారి చూపింది స్వీడన్. వదిలిన గ్యాస్‌ను ఉత్ప్రేరకం మీదుగా పంపి నైట్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే యంత్రాలు 2000ల్లోనే అక్కడ వచ్చాయి. బ్రిటన్‌లో ఆ పద్ధతితో తొలి కాన్పు 2021లో, న్యూకాజిల్‌లో జరిగింది. చిక్కల్లా, తల్లి మాస్కులోకే ఊపిరి వదలాలి. నొప్పులు ముంచుకొస్తుంటే ఆ టెన్షన్ ఆమె మీద పెట్టడం నాకు సబబుగా అనిపించదు. నొప్పి తెలియకుండా నడుము దగ్గర వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తుతో కర్బన భారం చాలా తక్కువే. కానీ దానికి మత్తు డాక్టర్ కావాలి, అందరూ కోరుకోరు కూడా.

ఈలోపు ఎడిన్‌బరా ఆస్పత్రుల్లో సర్జరీల కోసం వేసిన నైట్రస్ పైపులైన్లను తనిఖీ చేస్తే, కొన్న గ్యాస్‌లో ఎక్కువ భాగం రోగిని చేరకముందే వృథా అవుతోందని తేలింది. అలాంటి పైపులు మూసేసి చిన్న సిలిండర్లకు మారడం థియేటర్లలో తేలికే. ప్రసూతి వార్డులో వాడకం ఎక్కువ కాబట్టి, అక్కడ లీకులు వెతికి బిగించడంతోనే పని మొదలుపెట్టాలి.