ఎమ్‌సీబీ ఉంటే షాక్ కొట్టదా? కరెంటు పనిలో అపోహలు – వాస్తవాలు

మా బాపు పోయి మొన్న మాఘానికి ఏడాది నిండింది. వరంగల్‌లో 38 ఏళ్లు కరెంటు పని చేశాడు. ఆయన చూసుకునే ఇళ్లన్నీ ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆయన బతుకంతా కొట్లాడిన మాట ఒకటుంది, అదీ నా వెంటే వచ్చింది: "ఎమ్‌సీబీ ఉంది గదా, ఇగ షాకెట్ల కొడ్తది?" ఎమ్‌సీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయి కరెంటు ఆపే బోర్డులోని స్విచ్.

పోయిన వారం కాజీపేటలో ఒక పెద్దమ్మ పిలిచింది. వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోందని నాలుగు రోజులుగా మనవరాలిని అటు పోనివ్వడం లేదట. కొడుకేమో "అమ్మది ఉత్త భయం, కొత్త ఎమ్‌సీబీలు పెట్టించిన" అన్నాడు. పెద్దమ్మ భయపడటమే సరైంది.

ఎమ్‌సీబీ కాపాడేది వైర్లను, మనిషిని కాదు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా వైరు కాలిపోకముందే పడిపోవడం దాని పని. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ 16 దాటితేనే కదులుతుంది. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు చాలు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్. ఫేజ్ వైరులో పోయిన కరెంటు న్యూట్రల్ వైరులో మొత్తం తిరిగొచ్చిందా అని అది లెక్క చూస్తుంది. ఇళ్లలో పెట్టే రకం 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే పడిపోతుంది.

బాపు ఇదంతా మాటలతో చెప్పేవాడు కాదు. సంచిలోంచి టెస్ట్ బల్బు తీసేవాడు: పాత హోల్డరు, 60 వాట్ల బల్బు, రెండు వైరు ముక్కలు. ఒక కొస సాకెట్ ఫేజ్‌లో, ఇంకో కొస ఎర్త్‌లో, అంటే భూమిలోకి పోయే వైరులో, పెడితే బల్బు నిండుగా వెలిగేది. "చూడు సారూ, పావు ఆంపియరు భూమిల కలుస్తున్నది. నీ ఎమ్‌సీబీ కదిలిందా? ఈ బల్బు జాగల మనిషుంటే?" నేను నిచ్చెన పట్టుకుని ఆ ఇంటాయన మొహం చూసేవాణ్ణి. ఆర్‌సీసీబీ పెట్టాక అదే బల్బు తగిలిస్తే టక్కున పడిపోయేది. ఇది మీరు చేయకండి. ఎలక్ట్రీషియన్‌తో చేయించి, పక్కన నిలబడి చూడండి.

ఆయనకు ఆ పట్టుదల ఊరికే రాలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా, ఎండాకాలం, ఆయన వైరింగ్ చేసిన ఒక ఇంట్లో ఇనుప కూలర్‌లో నీళ్లు పోస్తూ ఆ ఇంటి కోడలు చనిపోయింది. ఆర్‌సీసీబీ పెడదామంటే వాళ్లు ఖర్చు దండగన్నారు, ఈయన ఊరుకున్నాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని "ఇంకోసారి గట్టిగ చెప్పాల్సుండె" అని అదే మాట. అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఎవరైనా వద్దంటే కూలి తగ్గించుకుని మరీ పెట్టేవాడు. అక్క పెళ్లి అప్పు తీరుస్తున్న రోజుల్లో కూడా అంతే, అమ్మ ఒక్కసారీ అడ్డం చెప్పలేదు. ఎవరింట్లోనైనా ఇనుప తీగ దండెం కనిపిస్తే విప్పేసి నైలాన్ తాడు కట్టేవాడు. ఆయన సంచిలో ఎప్పుడూ ఒక తాడు చుట్ట ఉండేది.

"ఆర్‌సీసీబీ ఊకె పడిపోతున్నది, తీసెయ్" అనేవాళ్లకు నా దగ్గర ఓపిక లేదు. పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోంది, లేదా వైరింగ్‌లో తప్పుంది. గీజరు ఎలిమెంటో, చెమ్మ పట్టిన జంక్షన్ బాక్సో, రెండు లైన్ల న్యూట్రల్ కలిసిపోవడమో చూడాలి. వెతక్కుండా ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ చేసి పోయేవాణ్ణి మళ్లీ పిలవకండి.

ఆర్‌సీసీబీ ఉందని ఎర్తింగ్ వదిలేయొద్దు. ఎర్త్ ఉంటే లీకైన వెంటనే పడుతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకున్నాకే పడుతుంది. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం ఆర్‌సీసీబీ కూడా కాపాడకపోవచ్చు.

మిగతావి: చెప్పులేసుకుంటే ఏం కాదనేది తప్పు. టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదనీ కాదు, మెయిన్ ఆపండి. షాక్ కొట్టిన మనిషిని ఇసుకలో పాతిపెట్టడం ప్రాణం తీయడమే. ముందు కరెంటు ఆపండి, 108కి చేయండి, ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.

పెద్దమ్మ ఇంట్లో మెషిన్ ప్లగ్గుకు పైన ఉండే పొడుగు పిన్ను లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడం లేదని ఎవరో విరిచేశారు. అదే ఎర్త్ పిన్ను. ప్లగ్గు మార్చి, లోపల నీళ్లు దిగి లీకవుతున్న వైరు కట్టి, ఆర్‌సీసీబీ పెట్టాను. దాని మీదున్న టెస్ట్ బటన్ మనవరాలితో నొక్కించాను. టక్కుమని పడగానే పెద్దమ్మ ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. నెలకోసారి నొక్కమని చెప్పి, బాపు చేసినట్టే బోర్డు తలుపు లోపల పెన్సిల్‌తో తేదీ రాసి వచ్చాను.