ప్లగ్గులో కరెంట్ వస్తోంది, బండి మాత్రం స్టార్ట్ కాదు

ఖమ్మం దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాన్నగారి బుల్లెట్ 350, 1997 మోడల్. నాలుగేళ్లుగా షెడ్డులోనే ఉంది. కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గు వేశాం, ట్యాంకు కడిగి పెట్రోలు పోశాం. కాలు పట్టేసేదాకా కిక్కులు కొట్టినా స్టార్ట్ కావడం లేదు. మెకానిక్ ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి చూపించాడు, కరెంట్ బాగానే వస్తోంది. ఇంక లోపం ఎక్కడున్నట్టు?"

ఎంత మంచి ప్రశ్నో! ఇందులో పెట్రోలు సంగతి ముందు తేల్చేద్దాం. కార్బురేటర్‌లో పాత పెట్రోలు ఎండి జిగురు కడుతుంది, పైలట్ జెట్ సన్నటి రంధ్రం మూసుకుపోతుంది, విప్పి కడిగితే పోతుంది. కిక్కులు కొట్టాక ప్లగ్గు తీసి చూస్తే తడిగా ఉందంటే పెట్రోలు అందుతున్నట్టే. నన్ను ఆపింది మెకానిక్ ప్లగ్గు దగ్గర చూపించిన ఆ మెరుపు.

మెకానిక్ చూపించింది నిజమే, కానీ బయట వచ్చిన మెరుపు లోపల కూడా వస్తుందన్న హామీ లేదు. గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. పోవాలంటే, గాలిలో తిరిగే ఎలక్ట్రాన్ ఒకటి వేగం పుంజుకుని ఒక అణువును గుద్ది ఇంకో ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలి, ఆ రెండూ నాలుగై, నాలుగూ ఎనిమిదై వరదలా పారాలి. బయటి గాలిలో అణువులు ఎడంగా ఉంటాయి కాబట్టి పరుగెత్తడానికి చోటు దొరుకుతుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కేశాక అడుగడుగునా అణువులే, వేగం పుంజుకునేలోపే ఢీకొని ఆగిపోతుంది. అందుకే ఎక్కువ వోల్టేజీ కావాలి. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో తేల్చిందిదే: మెరుపుకు కావలసిన వోల్టేజీ గ్యాప్ (మెరుపు దూకాల్సిన సందు) ఒక్కదాని మీదే కాదు, గ్యాప్‌ను గాలి సాంద్రతతో గుణిస్తే వచ్చేదాని మీద ఆధారపడుతుంది. అర మిల్లీమీటరు ప్లగ్గు గ్యాప్‌కు బయట సుమారు 2,500 వోల్టులు చాలు. అదే గ్యాప్‌కు, గాలి ఆరింతలు దట్టంగా ఉన్నప్పుడు, సుమారు 10,000 వోల్టులు కావాలి. మీ బండి 5,000 ఇస్తోందనుకోండి, బయట చిటపటలాడుతుంది, లోపల చడీచప్పుడూ ఉండదు.

మరి 12 వోల్టుల బ్యాటరీ నుంచి పది వేలు ఎలా వస్తాయి? చాలామంది కరెంటు పంపితే మెరుపు వస్తుందనుకుంటారు. కాదు, కరెంటు ఆపితే వస్తుంది! పొలంలో బోరు నడుస్తుండగా కరెంటు పోతే పైపు దడేల్మని అదురుతుంది, చూసే ఉంటారు. నిండు పైపులో పరుగెత్తే నీటికి బరువుంది, వేగం ఉంది, ఉన్నపళంగా ఆపితే ఆ జోరంతా ఒత్తిడిగా మారి పైపును తన్నుతుంది. ఇనుప కడ్డీ చుట్టూ చుట్టిన రాగి తీగలో పారే కరెంటు కూడా అంతే. ఎంత ఠక్కున ఆపితే అంత పెద్ద తన్ను. ఇంట్లో ఫ్యాన్ స్విచ్ ఆపేటప్పుడు లోపల నీలంగా మెరిసేది ఇదే. దీని గురించి అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1832లోనే రాశాడు, తీగ చుట్టల ఈ గుణాన్ని కొలిచే యూనిట్‌కు ఆయన పేరే పెట్టారు.

బుల్లెట్‌లో కరెంటును ఆపే పని పాయింట్లది. రెండు టంగ్‌స్టన్ బొడిపెలు ఒకదానికొకటి ఆని ఉంటే కాయిల్ (ఇనుప కడ్డీ మీద రెండు రాగి తీగ చుట్టలున్న భాగం) మొదటి చుట్టలో, అంటే ప్రైమరీలో, సుమారు 3 ఆంపియర్లు పారుతుంది. ఇంజనుతో పాటు తిరిగే క్యామ్ అనే ఉబ్బెత్తు చక్రం వాటిని విడదీయగానే కరెంటు ఆగుతుంది, ప్రైమరీలో 200, 300 వోల్టుల తన్ను పుడుతుంది, దాన్ని రెండో చుట్ట, అంటే సెకండరీలోని వేల చుట్లు దగ్గర దగ్గర నూరింతలు చేస్తాయి. చిక్కేమిటంటే పాయింట్లు విడిపోతున్న తొలి క్షణంలో వాటి మధ్య సందు వెంట్రుకంత కూడా ఉండదు, ఆ తన్నుకు కరెంటు అక్కడే దూకేస్తుంది. నీటి పైపు గేటు వాల్వు నెమ్మదిగా మూస్తే పైపు అదరదు కదా, అలా మెరుపు నీరసించిపోతుంది. అందుకే పక్కన కండెన్సర్ పెట్టారు. గేటు పూర్తిగా మూసుకునేదాకా నీళ్లు పట్టే పక్క తొట్టి లాంటిదది, కరెంటు కాసేపు అందులోకి పోతుంది, ఈలోగా పాయింట్లు దూకలేనంత ఎడమవుతాయి. ఈ ఉపాయాన్ని 1853లో కనిపెట్టింది ఫ్రాన్స్‌లో ఫిజో, అంతకు నాలుగేళ్ల ముందు పళ్లచక్రంతో కాంతి వేగం కొలిచినాయనే! పాయింట్ల మధ్య పెద్ద మెరుపు కనిపిస్తూ, ప్లగ్గు దగ్గర పసుపుపచ్చగా సన్నగా వస్తుంటే కండెన్సర్ పోయిందని అనుమానించాలి.

ఈ తన్ను పేరే స్వయం ప్రేరణ, ఇంటర్‌లో ఆ పాఠం నేను కూడా సూత్రంగానే బట్టీ పట్టాను. ఒక పాత కాయిల్, ఒక బ్యాటరీ బల్ల మీద పెట్టి తీగ ఠక్కున లాగి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు మీ బండికి వద్దాం. కాయిల్‌లో నిలవుండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, కరెంటు సగమైతే శక్తి పావే. నాలుగేళ్లు తేమలో ఉన్న పాయింట్ల మీద కంటికి ఆనని ఆక్సైడ్ పొర పడుతుంది. కాయిల్ నిరోధం 4 ఓములు అనుకుంటే 12 వోల్టులకు 3 ఆంపియర్లు. ఆ పొర ఇంకో 2 ఓములు కలిపితే 2 ఆంపియర్లే, శక్తి తొమ్మిదిలో నాలుగో వంతుకు, అంటే సగం కంటే తక్కువకు పడిపోతుంది. కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గు వేసి కూడా బండి కదలకపోవడానికి నా మొదటి అనుమానం దీని మీదే.

కొందరు ఇలాంటప్పుడు దిష్టి తగిలిందని నిమ్మకాయ తొక్కిస్తారు, మిరపకాయలు కడతారు. నాన్నగారి బండి అంటే ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ కారణం కంటికి కనిపించేలా చూపించే పరికరం హెడ్‌లైట్ పైనే ఉంది, అదే ఆంపియర్ మీటర్. లైట్లు ఆపి, తాళం తిప్పి, డీకంప్రెషర్ లివర్ (సిలిండర్‌లో నొక్కుకున్న గాలిని వదిలేసే మీట) పట్టుకుని కిక్కును చేత్తో నెమ్మదిగా నొక్కండి. పాయింట్లు ఆనినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, విడిపోగానే మధ్యకు రావాలి. అసలు కదలకపోతే కరెంటు కాయిల్ దాకా పోవడం లేదు, ఫ్యూజు, వైర్లు, పాయింట్లు చూడాలి. ఎప్పుడూ వాలే ఉంటే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సర్ షార్ట్ అయింది. వాలీ వాలనట్టు ఊగుతుంటే మురికి.

పాయింట్లను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, అది పూర్తిగా ఆరాక గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. ఫీలర్ గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు మందం దాదాపు సరిపోతుంది. తర్వాత మెరుపును అర మిల్లీమీటరులో కాకుండా, పక్క కొమ్ము విరిచేసిన పాత ప్లగ్గును ఇంజనుకు గట్టిగా ఆనించి చూడండి. ఆ పెద్ద సందును నీలంగా, టప్‌మని దాటితే లోపల కూడా దాటుతుందని నమ్మొచ్చు. వైరును చేత్తో పట్టుకోవద్దు, ప్లగ్గు రంధ్రం దగ్గర పెట్టొద్దు, లోపలి పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. ఇంకొక్క మాట, గ్యాప్ మార్చారంటే టైమింగ్ (మెరుపు ఏ క్షణంలో రావాలన్నది) కూడా మారినట్టే. గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే తెరుచుకుని పిస్టన్ పైకి చేరకముందే మంట పుడుతుంది, అప్పుడు కిక్కు ఎదురు తన్నుతుంది. కాబట్టి టైమింగ్ సరిచూశాకే కాలు పెట్టండి.