యుద్ధంలో ప్రాణాలు కాపాడిన పడవలు: అపోహలు - వాస్తవాలు

కాకినాడ వెళ్లినప్పుడల్లా మా మావయ్య ఒకటే అడుగుతారు: “ఆ పాత పడవల కోసం సముద్రంలోకి దిగి వెతుకుతార్రా?” ఇంగ్లండ్ దక్షిణ తీరంలో చెక్క పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని ఒడ్డుకు చేర్చిన పడవలు మ్యూజియానికి వెళ్లే ముందు మా దగ్గరికి వస్తుంటాయి. మావయ్యకు ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ఇలాంటి పడవలు సముద్రం అడుగున దొరుకుతాయి.

వాస్తవం: నదీముఖాల బురదలో, పెరళ్లలో, టార్పాలిన్ల కింద దొరుకుతాయి. చాలావాటిలో జనం కాపురం ఉంటారు. యుద్ధం అయ్యాక సైన్యం తనకు అక్కర్లేని పడవలు అమ్మేసింది. బ్రిటన్‌లో ఇళ్లకు కటకటగా ఉన్న రోజులవి. కొన్నవాళ్లు ఇంజన్లు పీకేసి, పైన గదులు కట్టుకుని అందులోనే సంసారం పెట్టారు. నన్నడిగితే ఆ సంసారమే వాటిని బతికించింది. మనుషులున్న పడవలో నీళ్లు కారితే ఎవరో ఒకరు ఆ రాత్రే లేచి చూస్తారు.

హెచ్‌ఎస్‌ఎల్ (హై స్పీడ్ లాంచ్) 102 అలా దొరికిందే. 1936లో హైత్‌లో కట్టిన 64 అడుగుల వేగపు పడవ అది. సముద్రంలో కూలిన విమానాల వాళ్లను ఎత్తుకురావడం దాని పని. 1941లో రెండు నెలల్లో 38 మందిని కాపాడింది, వాళ్లలో జర్మన్లూ ఉన్నారు. ఆ రకంలో మిగిలింది ఇదొక్కటే. డార్ట్‌మత్ దగ్గర ఒక పాయలో ఇల్లుగా మారి కనిపించింది. బాగుచేశాక 1996లో మళ్లీ నీళ్లలోకి దించారు.

అపోహ: “డన్‌కర్క్ వెళ్లొచ్చిన పడవ” అని ఇత్తడి పలక ఉంటే చాలు.

వాస్తవం: 1940లో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ తీరంలో జర్మన్ల ముట్టడిలో చిక్కుకున్న బ్రిటన్, దాని మిత్రదేశాల సైనికుల్ని సముద్రం మీదుగా ఇంగ్లండ్ చేర్చారు. ఆ పనికి వెళ్లిన పడవకు విలువెక్కువ, కానీ పలక ఎవరైనా కొట్టించుకోవచ్చు. 30 నుంచి 100 అడుగుల ఇంజన్ పడవలున్నవాళ్లు వివరాలు పంపాలని 1940 మే 14న బీబీసీలో ప్రకటన వచ్చింది. తర్వాత నౌకాదళం తీసుకున్న ప్రతి పడవా డన్‌కర్క్ చేరలేదు. పైగా ఒకే పేరున్న పడవలు ఎన్నో ఉంటాయి, చేతులు మారినప్పుడల్లా పేర్లూ మారిపోతాయి.

పేరు కంటే నమ్మదగింది అంకె. బ్రిటిష్ నౌకల రిజిస్టర్లోకి ఎక్కిన పడవకు ఒక అధికారిక సంఖ్య ఇచ్చి, దాన్ని ప్రధాన అడ్డదూలం మీద చెక్కించేవారు. ఎంతమంది కొన్నా ఆ అంకె మారదు. ఒక ఇంటి పడవలో ఆ దూలం సరిగ్గా గ్యాస్ పొయ్యి మీద ఉంది. పైన నూనె జిడ్డు, దాని కింద ఏళ్ల తరబడి పూసిన రంగు. టార్చి ఏటవాలుగా పట్టుకుంటే ఒకచోట చిన్న గుంట నీడ పడింది. బ్లేడుతో పొర తర్వాత పొర తీశాం: తెలుపు, మీగడ రంగు, ఆకుపచ్చ, మళ్లీ తెలుపు. అరగంటకు ఒక “1” తేలింది. మధ్యాహ్నానికి ఆరంకెలూ కనిపించాయి. వాటి మూలల్లో బూడిద రంగు ఇంకా అంటుకునే ఉంది.

ఆ అంకె పట్టుకుని పాత రికార్డుల్లో వెతికాం. నౌకాదళం ఆ పడవను తీసుకున్న మాట నిజమే, కానీ డన్‌కర్క్ వెళ్లినట్టు ఎక్కడా లేదు. యజమానురాలి తండ్రి చివరిదాకా ఆ కథే చెబుతూ పోయారట. ఆవిడకు ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అయినా చెప్పి తీరాలి. రుజువు లేని ఒక్క పడవను డన్‌కర్క్ పేరుతో మ్యూజియంలో పెడితే, పక్కనున్న నిజమైనదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అపోహ: చిన్న పడవలే సైనికులందర్నీ ఇంగ్లండ్ చేర్చాయి, యజమానులే నడిపారు.

వాస్తవం: 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు 3,38,226 మందిని తీసుకొచ్చారు. వాళ్లలో ఎక్కువమంది రేవు గోడ మీద నుంచి నేరుగా పెద్ద ఓడలెక్కారు. లోతులేని తీరం నుంచి దూరంగా ఆగిన ఓడ దాకా మనుషుల్ని చేరవేయడమే చిన్న పడవల ముఖ్యమైన పని. చాలావాటిని నడిపింది నౌకాదళం వాళ్లే. టైటానిక్‌లో రెండో అధికారిగా పనిచేసిన చార్లెస్ లైటాలర్ తన సొంత పడవ సన్‌డౌనర్‌లో వెళ్లి 130 మంది దాకా తెచ్చారు, కానీ అలాంటి యజమానులు తక్కువ. ఇది చెబితే పడవల విలువ తగ్గిపోతుందని కొందరు బాధపడతారు. పీకల్లోతు నీళ్లలో గంటల తరబడి నిలబడ్డ మనిషికి ఓడ దాకా ఉన్న ఆ కాస్త దూరమే ప్రాణం. మ్యూజియం బోర్డు మీద రాయాల్సింది అదే.

అపోహ: చెక్కకు ఉప్పునీళ్లు చేటు, ఒడ్డున పెడితే భద్రం.

వాస్తవం: అసలు శత్రువు వాననీరు. ఉప్పునీళ్లలో నానే చెక్కకు కుళ్లు అంత తేలిగ్గా పట్టదు. డెక్కు సందుల్లోంచి దిగిన వాన, గాలాడని మూలల్లో నిలిచిపోయి ఓక్ దూలాన్ని ముద్ద చేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవర్ పెడితే నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగిపోతుంది. ఇనుప బోల్టులున్నచోట మరీ ఘోరం. తడి ఓక్‌లోని ఆమ్లం ఇనుమును తినేస్తుంది, తుప్పు పట్టిన ఇనుము చుట్టూ ఉన్న చెక్కను నల్లగా పొడి చేస్తుంది.

ఒడ్డుకు తెస్తే ఇంకో కష్టం. నీళ్లలో ఉన్నంతకాలం పడవ బరువును నీరు అన్నివైపులా మోస్తుంది. అదే పడవను నాలుగు దిమ్మల మీద పెడితే మధ్యభాగం పైకి లేచి, ముందూ వెనకా జారిపోతాయి. పలకలు ఎండి కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. ఒకసారి వంగిన అడుగు దూలాన్ని తిరిగి సరిచేయడం మా పనిలో అన్నిటికంటే కష్టం. అందుకే పడవ ఒంపుకు సరిపోయేలా కొలిచి తొట్టిలాంటి ఆధారం కడతాం. గదిలో తేమ హెచ్చుతగ్గులు లేకుండా చూస్తాం. నెలల తరబడి మెల్లగా ఆరనిస్తాం. ఇది వినగానే మావయ్య, “ఈ మాత్రం మా తాళ్లరేవులో పడవలు కట్టేవాళ్లకు తెలీదా!” అన్నారు.

అపోహ: ఫైబర్‌గ్లాస్ తొడిగితే చెక్క కలకాలం ఉంటుంది.

వాస్తవం: తేమ లోపలే చిక్కుకుని, కనబడకుండా కుళ్లుతుంది. వద్దు.

అపోహ: కొత్తదానిలా మెరిస్తేనే బాగుచేసినట్టు.

వాస్తవం: ఆ పడవ ఇకముందు ఏం చేయాలన్నదాన్ని బట్టి ఉంటుంది. హెచ్‌ఎస్‌ఎల్ 102కు మొదట పెట్రోలు ఇంజన్లు ఉండేవి, ఇప్పుడు డీజిల్ ఇంజన్లున్నాయి. సముద్రంలో తిరగాలంటే భద్రత ముఖ్యం కాబట్టి అది సబబే. డన్‌కర్క్ వెళ్లిన టామ్‌జీన్ దారి వేరు. 15 అడుగులు కూడా లేని ఆ చేపల పడవ ఇంపీరియల్ వార్ మ్యూజియం సొంతం. దానికి ఇక నీళ్లతో పనిలేదు, కాబట్టి పలకలు మార్చాల్సిన అగత్యమూ లేదు. నా మనసు ఈ రెండో దారి వైపే. మార్చిన ప్రతి పలకతో ఆ రోజు అక్కడున్న చెక్క కొంత పోతుంది.

అపోహ: ఇదంతా డన్‌కర్క్ గొడవే.

వాస్తవం: 1943 అక్టోబరులో డెన్మార్క్ జాలర్లు, పడవలవాళ్లు 7,000 మందికి పైగా యూదుల్ని రహస్యంగా స్వీడన్ చేర్చారు. లైట్‌హౌస్‌కు సామాన్లు మోసే గెర్డా 3 అనే పడవ సుమారు 300 మందిని దాటించింది. అదిప్పుడు అమెరికాలోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియంలో ఉంది. వీటిని గుర్తించడం ఇంకా కష్టం. రహస్యంగా చేసిన పనికి కాగితాలెవరు రాస్తారు?

అపోహ: నిపుణులు వచ్చేలోపు శుభ్రం చేసి పెడితే సాయం చేసినట్టే.

వాస్తవం: ఒక పెద్దాయన మా మీద అభిమానంతో, మేం వెళ్లేలోపు పడవను ప్రెషర్ వాషర్‌తో కడిగి, అడుగు నుంచి అంచు దాకా సాండర్ పట్టించారు. మేం వెళ్లేసరికి చెక్క తెల్లగా, పెళ్లికొడుకులా ఉంది. పాత రంగు పొరలన్నీ కింద సిమెంటు మీద రంగు దుమ్ములా పడి ఉన్నాయి. అందులో సీసం కూడా ఉంటుంది, ఆయన ముక్కుకు గుడ్డైనా కట్టుకోలేదు. మీకు అలాంటి పడవ తారసపడితే కడగకండి, గీకకండి, లోపలి పాత చెత్త కూడా పారేయకండి. వానపడకుండా పైన టార్పాలిన్ కట్టి, రెండు చివర్లా గాలి ఆడేలా తెరిచి ఉంచండి. ఎలా ఉన్నదాన్ని అలా నాలుగువైపులా ఫోటోలు తీసి మ్యూజియం వాళ్లకు పంపండి.