ట్రాక్టర్‌ని మోసే ట్రైలర్: జానెడున్నర లెక్క

ఎడ్లబండికి బస్తాలు ఎత్తాక, బండి తోలే మనిషి కాడిని చేత్తో ఒకసారి లేపి చూసేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతులకు పలుపు బిగుసుకుంటుంది. ముందు ఎక్కువైతే మెడలు అణిగిపోతాయి. ఒక బస్తా అటో ఇటో జరిపితే సరిపోయేది.

అమెరికాలో పికప్ వెనక ట్రైలర్ తగిలించి చిన్న ట్రాక్టర్‌ని తీసుకెళ్లేవాళ్లకీ ఇదే సూత్రం. ట్రైలర్, దానిమీది సరుకు కలిపి ఎంత తూగుతాయో అందులో 10 నుంచి 15 శాతం హిచ్ (పికప్‌కి ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) మీద పడాలి, మిగతాది ఇరుసులు మోయాలి. తేడా ఏమిటంటే, బస్తాలైతే ఒక్కొక్కటీ జరపొచ్చు. ట్రాక్టర్ మొత్తం ఒకే బస్తా.

లెక్క వేసి చూద్దాం. ట్రైలర్ 900 కిలోలు, ట్రాక్టర్ 2,000 కిలోలు అనుకుంటే మొత్తం 2,900. హిచ్ మీద 290 నుంచి 435 కిలోల దాకా ఉండొచ్చు. హిచ్ నుంచి ఇరుసుల మధ్యకి 4 మీటర్లు ఉంటే, ట్రాక్టర్‌ని 20 సెంటీమీటర్లు ముందుకు జరపగానే హిచ్ మీద 100 కిలోలు పెరుగుతాయి. అంటే 290 నుంచి 435కి చేరడానికి ట్రాక్టర్ జరగాల్సిన దూరం 29 సెంటీమీటర్లు. జానెడున్నర కూడా లేదు!

అందుకే ట్రైలర్ కొనేటప్పుడు నేను మొదట చూడమనేది డెక్ (ట్రాక్టర్ నిలబడే పలక) పొడవు. ట్రాక్టర్ పట్టేస్తే చాలనుకుని సరిగ్గా అంతే పొడవున్నది కొంటారు. వెనక గడ్డి కోసే కట్టర్ తగిలించాక ముందుకీ వెనక్కీ జరపడానికి చోటే ఉండదు. బరువు ఎక్కడ పడితే అక్కడే.

వెనక బరువైతే ఏమవుతుంది? పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు ట్రైలర్ తోక కొంచెం ఊగుతుంది. బరువు ముందుంటే ఆ ఊపు దానంతటదే తగ్గిపోతుంది. వెనకుంటే, వేగం మీద ఉన్నప్పుడు, ఒక్కో ఊపుకీ పెరుగుతూ పికప్‌నే పక్కకి లాగేస్తుంది. మరీ ముందుకు జరిపినా ప్రమాదమే: పికప్ వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

మోసే శక్తి సంగతీ చూసుకోవాలి. 7,000 పౌండ్ల ట్రైలర్ అంటే దాని సొంత బరువుతో కలిపి 3,175 కిలోలు. 900 తీసేస్తే మిగిలేది 2,275. కంపెనీ కాగితంలో ట్రాక్టర్ 1,500 కిలోలే అని ఉండొచ్చు. మట్టి ఎత్తడానికి ముందు తగిలించే లోడర్‌కి 400, కట్టర్‌కి 300, వెనక టైర్లలో నింపిన నీళ్లకి 200 కలిపితే 2,400. అప్పుడే దాటిపోయింది.

ట్రాక్టర్ ఎక్కించి, గొలుసులతో నాలుగు మూలలా బిగించి, ఒకసారి కాటాకి తీసుకెళ్లండి. పికప్ నుంచి ట్రైలర్ విప్పి, దాని ముందు భాగాన్ని నిలబెట్టే జాకీ ఒక్కటే కాటా మీద ఉండేలా నిలిపితే ముందు పడే బరువు తెలుస్తుంది. సరిపోయిన చోట డెక్ మీద టైరు పక్కన పెయింట్‌తో గీత గీయండి. కట్టర్ ఉన్నప్పుడు ఒక గీత, లేనప్పుడు ఇంకో గీత.