కంపార్టుమెంట్లో గోవింద, తలలో ఎన్1

తిరుపతి బస్టాండులో 'కాళహస్తి కాళహస్తి', 'మదనపల్లె మదనపల్లె' అంటూ కండక్టర్లు పోటీపడి అరుస్తుంటే మా చెల్లెలి కొడుక్కి అనుమానమొచ్చింది. "మామా, మనం చిత్తూరు బస్సుకే కదా చెవులు రిక్కించింది. మిగతా అరుపులు లోపలికి పోవా?"

పోతాయి. చెవికి రెప్పల్లేవు. తేడా వచ్చేది మెదడులో.

1973లో అమెరికాలో స్టీవెన్ హిల్యార్డ్ బృందం దీన్ని కొలిచి చూపింది. రెండు చెవుల్లోనూ వేర్వేరు శ్రుతుల్లో 'టిక్కు, టిక్కు'మని శబ్దాలు. నడుమ ఎప్పుడో ఒకటి కాస్త కీచుగా వస్తుంది. చెప్పిన చెవిలో వచ్చే కీచువాటిని మాత్రం లెక్కపెట్టాలి. శబ్దాలు అవే, ధ్యాస ఒక్కటే ఈ చెవి నుంచి ఆ చెవికి మారుతుంది. శబ్దం మొదలైన 80-110 మిల్లీసెకన్లకు నెత్తిమీది ఎలక్ట్రోడులకు దొరికే ఎన్1 అనే ఋణ విద్యుత్ తరంగం, ధ్యాస పెట్టిన చెవి శబ్దాలకు పెద్దదైంది. రెండో చెవివాటికి చిన్నగానే అయినా వచ్చింది. 'ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశావు' అని మా లెక్కల అయ్యవారు తొడపాశం పెట్టేవారు; ఎంతోకొంత లోపలే ఉండేదండీ!

అసలు తమాషా ఎన్1ని పట్టుకోవడంలో ఉంది. అది కొన్ని మైక్రోవోల్టులే, మెదడు సొంత గోల పదుల మైక్రోవోల్టులు. తిరుమల క్యూ కంపార్టుమెంటు ఊహించుకోండి. ఒకరు లడ్డూల లెక్క, ఒకరు పిల్లాడిమీద కేకలు, ఒకరు మోకాళ్ల నొప్పులు. బయటికి ఒక్క మాటా తెలియదు. అంతలో అందరూ ఒక్కసారిగా "గోవిందా!" అంటే వీధిదాకా వినిపిస్తుంది. ఒక్కో టిక్కు తర్వాతి రికార్డు ఒక్కో భక్తుడు. అలాంటివి వంద, శబ్దం మొదలైన క్షణం దగ్గర జత కలిపి కూడితే ఎన్1 వందరెట్లవుతుంది. గోల ఎగుడుదిగుళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పదిరెట్లే పెరుగుతుంది. నాలుగువందలైతే లాభం ఇరవైరెట్లు. అయితే తలా ఒక క్షణంలో గోవింద కొడితే అదీ గోలలో కలిసిపోతుంది. అందుకే ఆ జత మిల్లీసెకన్లలో కుదరాలి.

తలకు పట్టీ కట్టి, తెరమీద ఒక గీత ఎగరగానే 'చూడండి, మీవాడి ఏకాగ్రత' అనే ఫీజుల దుకాణాలకు ఈ ఓపిక ఉండదు. కన్ను ఆర్పితేనే ఆ గీత వంద మైక్రోవోల్టులు ఎగురుతుంది!

మరి కండక్టరు కేక టిక్కు కాదే? మాటల్లో జత కలపడానికి గొంతు హెచ్చుతగ్గులనే ఆనవాలుగా తీసుకోవాలి. 2012లో మెస్గరాని, చాంగ్ అనే పరిశోధకులు శస్త్రచికిత్స రోగుల మెదడు ఉపరితలం మీది ఎలక్ట్రోడులతో, కలిపి వినిపించిన రెండు గొంతుల్లో రోగి విన్నదాన్ని తిరిగి రాబట్టారు. పొరపాటున రెండో గొంతు వింటే, అదీ దొరికిపోయింది.