కంచె వేసి పోగొట్టుకున్న సీతాకోకచిలుక

అరుదైన సీతాకోకచిలుక ఏదైనా కనుమరుగవుతోందంటే అందరూ ముందు వేలు చూపించేది వల పట్టుకుని తిరిగేవాళ్ల వైపే. ఇంగ్లండ్‌లో లార్జ్ బ్లూ విషయంలోనూ అదే జరిగింది. నీలి రెక్కల మీద నల్ల మచ్చలుండే ఈ సీతాకోకచిలుక ఎంత తగ్గిపోతే, పిన్నుతో గుచ్చి పెట్టెలో దాచుకునేవాళ్లకి అంత మోజు పెరిగింది, కాబట్టి ఆ అనుమానం మరీ అన్యాయమేం కాదు. వాళ్లు రాకుండా కంచె కూడా వేశారు. 1975లో చట్టం తెచ్చి పట్టుకోవడమే నేరమన్నారు. 1979కల్లా బ్రిటన్‌లో ఒక్కటీ మిగల్లేదు.

అసలు కిటుకు నేల మీద ఉంది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త చివరి గుంపు దగ్గర ఏళ్ల తరబడి కాపు కాసి ఆ కిటుకేంటో కనిపెట్టాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. దీని గొంగళిపురుగు మొదటి కొన్ని వారాలు థైమ్ పూలు తింటుంది (మన తులసి కుటుంబపు మొక్కే). తర్వాత నేల మీదికి జారిపడి, ఒంటి మీద ఓ తియ్యటి చుక్క ఊరించి ఎదురుచూస్తుంది. అటుగా వచ్చిన ఎర్రచీమ ఆ చుక్క తాగి, ఇది మా పిల్లే అనుకుని నోట కరుచుకుని గూట్లోకి మోసుకుపోతుంది. లోపల ఈ మహాతల్లి చేసే పనేంటంటే, దాదాపు 10 నెలలు ఆ చీమల పిల్లల్నే తింటూ కూర్చోవడం! దాని బరువులో 98 శాతం అక్కడ పెరిగేదే.

ఏ ఎర్రచీమ పడితే ఆ చీమ పనికిరాదు. మిర్మికా సబులెటి అనే జాతి గూట్లో అయితేనే సరిగ్గా బతుకుతుంది, ఆ చీమకేమో వెచ్చటి నేల కావాలి, అంటే గడ్డిని పశువులు కొరుకుతూ 3 సెంటీమీటర్లు దాటకుండా ఉంచాలి. గడ్డి ఏపుగా పెరిగిందా, కింద నేల 2, 3 డిగ్రీలు చల్లబడుతుంది, ఆ చీమ పోయి ఇంకో జాతి వచ్చి కూర్చుంటుంది. 1950ల్లో ఆ గడ్డి కొరికే కుందేళ్లు రోగమొచ్చి కుప్పలుగా చచ్చాయి, రైతులు ఆ వాలుల్లో పశువుల్ని మేపడం తగ్గించేశారు. ఇక ఆ కంచె మనుషులతో పాటు పశువుల్నీ ఆపేసింది. పట్టుకుంటే జైలు అని చట్టంలో రాయొచ్చు గానీ, గడ్డి పెరగనిస్తే జైలు అని ఎలా రాస్తాం?

1983లో స్వీడన్ నుంచి తెచ్చి, గడ్డి బాగా మేపించిన చోట మళ్లీ వదిలారు. ఈసారి నిలబడ్డాయి. అలాగని చట్టం దండగ అనను. ఇలా తిరిగి నిలబెట్టిన చిన్న గుంపులో ఇంకా గుడ్లు పెట్టని ఆడవి నాలుగు పోయినా దెబ్బే. 2015లో ఒకతను రెండు రక్షిత స్థలాల్లో వల వేసి వీటిని పట్టాడు, ఇంట్లో సోదా చేస్తే పిన్నులతో గుచ్చినవి దొరికాయి. 2017లో కోర్టు 6 నెలల జైలు శిక్ష వేసింది, కాకపోతే అమలు చేయకుండా నిలిపి ఉంచింది.